బిల్లు అతని పేరున, ఫోను ఆమె చేతిలో

శైలజ (పేరు మార్చాను) మొదటిసారి మా ఆఫీసుకి ఫోన్ లేకుండా వచ్చింది. మర్చిపోయి కాదు. తను పనిచేసే ఆసుపత్రి లాకర్లో పెట్టి, తాళం వేసి మరీ వచ్చింది. "ఫోను నా దగ్గరుంటే నేను యాడుందీ ఆయనకి తెలిసిపోతా ఉంది మేడం. లాయరు దగ్గరికి పోయానని తెలిస్తే ఇంకేమన్నా ఉందా?" అంది. వెంట వచ్చిన వాళ్ళమ్మకి మాత్రం నమ్మకం కుదరలేదు. "అట్టా ఎట్టా తెలుస్తుందమ్మా, ఎవరో మోస్తుంటారు మాటలు" అంటూనే ఉంది.

ఒంగోలులో పద్దెనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా కుటుంబ కేసులే. ఈ కేసు ఈ మధ్యే ముగిసింది. ఆనవాళ్లు పోయేలా కొన్ని వివరాలు మార్చి, శైలజ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మా జూనియర్లు ఇద్దరు ఇదే రకం కేసులతో తికమక పడుతున్నారు. ఈ కాగితాలు వాళ్ళకి పనికొస్తాయి.

అమ్మాయికి అప్పటికి 28 ఏళ్లు. ఒంగోలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. భర్త చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్. పెళ్లై మూడేళ్లు, పిల్లలు లేరు. గొడవలు ముదిరి 2024 జూన్‌లో ఉలవపాడులో పుట్టింటికి వచ్చేసి, అక్కడినుంచే రోజూ బస్సులో డ్యూటీకి వస్తోంది. నా దగ్గరికి వచ్చింది అదే ఏడాది అక్టోబరులో.

ఆమె చెప్పినవాటిలో రెండు సంఘటనలు రాసుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం లాయర్‌పేటలో పెద్దమ్మ ఇంటికి భోజనానికి వెళ్లింది. ముందుగా ఎవరికీ చెప్పలేదు. కంచం ముందు కూర్చుందో లేదో భర్త ఫోను: "లాయర్‌పేటలో నీకేం పని?" రెండోది ఇంకా దారుణం. రాత్రి అక్కతో ఫోన్లో మాట్లాడుతూ అత్తగారి గురించి ఏదో విసుక్కుంది. తెల్లారి భర్త ఆ మాటని పొల్లుపోకుండా అప్పజెప్పాడు. శైలజ అక్కనే అనుమానించింది. రెండు నెలలు అక్కతో మాటల్లేవు. ఇలాంటి కేసుల్లో నేను తరచూ చూసేది ఇదే. జేబులో ఉన్న వస్తువు మీదకంటే ముందు పక్కనున్న మనుషుల మీదకే పోతుంది అనుమానం.

ఫోను సంగతి ఏమైనా తేడాగా ఉందా అని అడిగితే, చార్జింగు మధ్యాహ్నానికే అయిపోతోందని, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ వేసుకుంటే సాయంత్రం నాలుక్కల్లా "డేటా అయిపోయింది" అని మెసేజ్ వస్తోందని చెప్పింది. తను వీడియోలు చూసే మనిషి కూడా కాదు.

ఫోన్ ఏం ముట్టుకోవద్దు, ఆదివారం తీసుకురా, చూద్దాం అని పంపించాను. శనివారం సాయంత్రం వాళ్ళమ్మ ఫోన్. "మేడం, మా వాడు సెల్లు షాపుకి తీసుకుపోయాడు. మూడొందలిస్తే అంతా చెరిపేసి కొత్తదాన్లా చేస్తానన్నాడంట." నాకు చెమటలు పట్టాయి. తమ్ముడికి ఫోన్ చేస్తే కౌంటర్ ముందే ఉన్నాడు. "చేతిలోంచి తీసుకో, ఏమీ నొక్కనివ్వకు" అని గట్టిగా అరిచాను. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే నిఘా పోతుంది, నిజమే. దాంతోపాటు నిఘా ఉండేదన్న రుజువూ పోతుంది. ఆ తర్వాత మిగిలేది ఆమె మాట, అతని మాట. మన కుర్రాళ్లు మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కేసు మాత్రం అక్కడే సగం చస్తుంది.

ఆదివారం ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించి, నా టేబుల్ మీద తెల్లకాగితం పరిచి దాని మీద ఉంచాం. మా జూనియర్ తన ఫోన్‌తో మొదటినుంచి చివరిదాకా వీడియో తీశాడు. లాక్ తీయడం, సెట్టింగ్స్ తెరవడం అన్నీ శైలజే చేసింది. నేను వేలు పెట్టలేదు. మొదట వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూశాం. తనకి తెలియని ఒక కంప్యూటర్ బ్రౌజర్ అక్కడ కూర్చుని ఉంది. గూగుల్ అకౌంట్‌లో రికవరీ నంబరు భర్తది. ఇంతవరకూ ఆశ్చర్యం లేదు. స్పై యాప్ అనుమానంతో నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు అసలు యాప్ అంటూ ఏమీ ఉండదు. ఫోన్ కొన్నరోజు షాపులోనో, ఇంట్లో మగవాళ్ళో జీమెయిల్ చేసిచ్చి ఉంటారు. పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. లొకేషన్, ఫొటోలు, కాంటాక్టులు అన్నీ ఆ ఒక్క తాళంతోనే తెరుచుకుంటాయి.

ఇక్కడ మాత్రం యాప్ కూడా ఉంది. తెర మీద ఐకాన్ లేదు. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో, చూపు తక్కువవాళ్ళ కోసం ఉండే వసతుల కింద, ఫోన్‌కి సంబంధించిన సొంత సర్వీసులా వినిపించే పేరుతో ఒకటి ఆన్‌లో ఉంది. దాని వివరాల్లోకి వెళ్తే మైకు, లొకేషన్, కాల్ లాగ్, ఎస్సెమ్మెస్, స్టోరేజి అన్నిటికీ అనుమతి ఇచ్చి ఉంది. డివైస్ అడ్మిన్ జాబితాలోనూ ఉంది, అంటే మామూలుగా తీసేయబోతే పోదు. డేటా వాడకం చూస్తే ఆ నెలలో అన్నిటికంటే ఎక్కువ తిన్నది అదే. ప్లే స్టోర్ నుంచి వచ్చింది కాదు, ఫైల్‌గా ఎక్కించింది. హాని చేసే యాప్‌లని పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆఫ్ చేసి ఉంది.

ఎందుకు బయటినుంచి ఎక్కించాల్సి వచ్చిందో చెప్పాలి. కాల్ రికార్డింగ్‌కి ఉన్న దారుల్ని గూగుల్ ఒక్కొక్కటిగా మూస్తూ వచ్చింది. 2022 మేలో, యాక్సెసిబిలిటీని వాడుకుని అవతలివాళ్ళ మాటలు రికార్డు చేసే యాప్‌లు ప్లే స్టోర్‌లో ఉండకూడదని నిబంధన పెట్టింది. మనిషికి తెలియకుండా నిఘా పెట్టే యాప్‌లకి అక్కడ అంతకుముందే చోటు లేదు. అందుకని ఇవి బయట వెబ్‌సైట్లలో దొరుకుతాయి. దూరంనుంచి ఎక్కేవి కావు. ఎవరో ఒకరు ఫోన్ చేతిలోకి తీసుకుని, లాక్ తెలిసి, పది నిమిషాలు కూర్చోవాలి. ఎవరు, ఎప్పుడు అని అడిగాను. శైలజ తల ఎత్తకుండా చెప్పింది: "మార్చి నెలలో అనుకుంటా మేడం. ఫోను స్లో అయింది, అప్‌డేట్ చేస్తానిమ్మని తీసుకున్నాడు. నేను వంటింట్లో ఉండా."

ఈ "అప్‌డేట్ చేస్తానిమ్మని" అన్న మాటని వాంగ్మూలంలో ఆమె నోటితో ఎలా వచ్చిందో అలాగే రాయించాను. కారణం తర్వాత చెప్తాను.

స్టేషన్ల చుట్టూ

ఫిర్యాదు నవంబరు మొదట్లో ఇచ్చాం. మొదట వెళ్లిన స్టేషన్లో అది మా పరిధి కాదన్నారు. ఉలవపాడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నెల్లూరులోకి వెళ్ళిపోయింది. కాపురం, ఉద్యోగం, యాప్ ఎక్కిన ఇల్లు ప్రకాశం. అప్పటికి మనిషి ఉంటున్నది నెల్లూరు. పరిధి ఏదైనా ఫిర్యాదు తీసుకోవాలని, పాత సీఆర్పీసీ (క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 173వ సెక్షన్ చెప్తోంది. దానికే జనం జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. సెక్షన్ చూపిస్తే నవ్వి, "మొగుడూ పెళ్ళాల మధ్య ఫోను గొడవకి జీరో ఎఫ్‌ఐఆర్ ఏంది మేడం" అన్నారు. రెండో స్టేషన్లో ఐటీ చట్టం కేసు ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలి, సారు బందోబస్తులో ఉన్నారు అన్నారు. మొదటి ముక్క సరైనదే, చట్టంలో 78వ సెక్షన్ అదే చెప్తుంది. ఫిర్యాదు మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు పెట్టాం.

ఈలోగా వెంటనే పనికొచ్చింది గృహహింస చట్టం. 2005 నాటి ఆ చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర డీవీసీ (గృహహింస కేసు) వేసి మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నాం. అందులో 18వ సెక్షన్ ఫోన్ ద్వారా గానీ, ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ సంప్రదించకుండా ఆపవచ్చని స్పష్టంగానే అంటుంది. ఆమెకి కొత్త ఫోన్, కొత్త జీమెయిల్, ఆమె ఆధార్ మీదే కొత్త సిమ్. పాత ఫోన్ కవర్లో పెట్టి, మధ్యవర్తుల సంతకాలతో సీలు వేసి ఉంచాం. పాత సిమ్ ఎవరి పేరున ఉందో తెలుసా? 2023లో పోయిన వాళ్ళ నాన్న పేరున.

అతనే పంపిన రుజువు

డిసెంబరులో సమన్లు వచ్చాయి. భర్త విడాకులకి వేశాడు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద, క్రూరత్వం కారణంగా. డాక్యుమెంట్ల జాబితాలో చివరి అంశం: పెన్‌డ్రైవ్ ఒకటి, అందులో కాల్ రికార్డింగులు 14, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు 63 పేజీలు. అన్నీ శైలజ తన అక్కతో, అమ్మతో, ఒక సహోద్యోగితో మాట్లాడినవి. భర్తతో మాట్లాడినది ఒక్కటీ లేదు.

జాబితా చూసి నా జూనియర్ దిగులుపడ్డాడు. నేను మాత్రం ముందు సర్టిఫికెట్ తీశాను. ఎలక్ట్రానిక్ రికార్డుని సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ ఉండాలని 2014లో అన్వర్ కేసులోనూ, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులోనూ సుప్రీంకోర్టు తేల్చింది. పాత సాక్ష్య చట్టం 65-బి స్థానంలో ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63(4) వచ్చింది. కొత్త చట్టం సర్టిఫికెట్‌కి ఒక ఫారం కూడా ఇచ్చింది. పార్ట్ ఏ పార్టీ నింపాలి, పార్ట్ బి నిపుణుడు. రికార్డు ఏ పరికరంలోంచి వచ్చింది, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ (ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు) అన్నీ రాయాలి. హ్యాష్ విలువ, అంటే ఫైలులో ఏం మారినా మారిపోయే గుర్తు, రాయాలి. ఆ పరికరం తన న్యాయమైన అదుపులో ఉందని చెప్పాలి. పక్కనే గళ్ళు ఉంటాయి: సొంతమా, నిర్వహణా, అజమాయిషీనా, వాడకమా అని.

అతను "సొంతం" గడిలో టిక్కు పెట్టాడు. ఐఎంఈఐ గడిలో 15 అంకెలు. మా సీలు కవరు మీద రాసుకున్న నంబరుతో ఒక్కొక్క అంకె పెన్నుతో చుక్క పెట్టి సరిచూశాను. అదే నంబరు. తన భార్య ఫోన్లోంచే ఈ మాటలు తీశానని, అది తన అదుపులో ఉండేదని, సంతకం పెట్టి, తేదీ వేసి, కోర్టుకి ఇచ్చాడు. రెండు నెలలుగా "యాప్ అతనే ఎక్కించాడని రుజువేంది" అని అడిగిన స్టేషన్‌కి ఆ కాగితం జిరాక్సు తీసుకెళ్లాను. 2025 జనవరిలో ఎఫ్‌ఐఆర్ అయింది.

ఎదుటి లాయరు నాకంటే సీనియర్, మంచి మనిషి. ఆ గడి దగ్గర ఏం జరిగిందో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒకటి మాత్రం ఊహించగలను. ఫారం చాలామంది గుమాస్తా చేతే నింపిస్తారు.

యజమాని "లేదా"

పోలీసులు పిలిస్తే భర్త దాచలేదు. ధైర్యంగా బిల్లు తీసి బల్ల మీద పెట్టాడంట. "ఫోను నేను కొన్నా. ఈఎంఐ నా అకౌంట్లోంచి పోయింది. నా వస్తువులో నేను యాప్ వేసుకుంటే నేరం ఏంది?"

వినడానికి మొండిగా ఉన్నా, చట్టం చదివితే ఆ ప్రశ్న అంత తేలికైంది కాదు. ఐటీ చట్టం 43వ సెక్షన్ "యజమాని లేదా ఆ కంప్యూటర్ ఎవరి అజమాయిషీలో ఉందో ఆ వ్యక్తి" అనుమతి లేకుండా చేసేవాటిని తప్పుపడుతుంది: లోపలికి చొరబడటం, డేటా కాపీ చేసుకోవడం, కంప్యూటర్ కంటామినెంట్ ఎక్కించడం. ఈ చివరిదాని నిర్వచనంలో డేటాని రికార్డు చేసి బయటికి పంపడానికి తయారైన ఆదేశాలు కూడా ఉన్నాయి. 2000 నాటి చట్టమే అయినా మా యాప్‌ని చూసి రాసినట్టు సరిపోయింది. చిక్కంతా ఆ "లేదా"లో ఉంది. యజమాని అనుమతి ఒక్కటీ చాలునా? యజమాని తనే అయితే తనకి తనే అనుమతి ఇచ్చుకున్నట్టేనా? అలా చదివితే, కంపెనీ ఇచ్చిన ఫోన్ నుంచి మొగుడు కొన్న ఫోన్ దాకా, డబ్బు కట్టినవాడికి ఎవరి మాటలైనా వినే హక్కు వచ్చేస్తుంది.

ఆ గొడవలోకి దిగకుండా, యజమాని అతను కాదనే దగ్గరినుంచి మొదలుపెట్టాను. బిల్లు కొనుగోలుకి రుజువు, యాజమాన్యానికి కాదు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం చరాస్తిని దానం ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చేతికి అందిస్తే చాలు. భర్త భార్యకి కానుకగా ఇచ్చింది ఆమె స్త్రీధనం. మరి కానుకగా ఇచ్చాడనడానికి ఆధారం? శైలజ మూడు రోజులు వెతికి, అక్క ఫోన్లో ఫ్యామిలీ గ్రూపులో పట్టుకుంది. పెళ్లైన మొదటి సంక్రాంతి. ముగ్గు పక్కన ఆమె కొత్త ఫోన్ డబ్బా పట్టుకుని నవ్వుతోంది. కింద భర్త స్వయంగా పెట్టిన మాట: "మా ఆవిడకి పండగ కానుక." డబ్బా అంచున మోడల్ పేరు కనిపిస్తోంది. దానికీ మేము 63(4) సర్టిఫికెట్ జతచేశాం, ఈసారి అక్కగారి సంతకంతో.

ఇక మా బలహీనత కూడా చెప్పాలి. 43 ఉల్లంఘనకి పరిహారమే. అది క్రిమినల్ నేరం అయ్యేది 66వ సెక్షన్ కింద. దానికి "నిజాయితీ లేకుండా లేదా మోసపూరితంగా" చేసి ఉండాలి. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. భార్య మీద అనుమానంతో విన్నాను, డబ్బు కొట్టేయలేదు, నాకు లాభం ఏముంది అని అతను అంటే, నిజాయితీలేమి అన్న మాటకి చట్టంలో ఉన్న అర్థం ఆస్తి లాభనష్టాల చుట్టూ తిరిగేదే. అక్కడ మేము జారే ప్రమాదం ఉంది. అందుకే "అప్‌డేట్ చేస్తానిమ్మని" అన్న మాట నాకంత ముఖ్యమైంది. అబద్ధం చెప్పి ఫోన్ తీసుకోవడం, ఐకాన్ దాచిపెట్టడం, ఫోన్ సర్వీసులా కనిపించే పేరు వెనక ఉంచడం, ఇవన్నీ మోసం వైపు తూగుతాయి. తూగుతాయనే అంటున్నాను, తేలిపోయిందని కాదు.

ఆసరాగా వెంటాడటం నేరం చేర్పించాం. ఆడమనిషి ఇంటర్నెట్, ఈమెయిల్, మరే ఎలక్ట్రానిక్ సంభాషణ మీదైనా నిఘా పెట్టే "ఏ మగవాడైనా" అంటుంది ఆ సెక్షన్. భర్తకి మినహాయింపు అని రాయలేదు, మోసపూరితం అన్న షరతూ లేదు. యాప్ ఎక్కింది 2024 మార్చిలో, అప్పటికి ఐపీసీ 354-డి. ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్ అమల్లోకి వచ్చిన జూలై 1 దాటి నిఘా సాగింది, అక్కడినుంచి బీఎన్‌ఎస్ 78. రెండూ వేయమని రాతపూర్వకంగా అడిగాం.

కొత్త డేటా పరిరక్షణ చట్టం ఎందుకు వాడలేదని జూనియర్ అడిగాడు. 2023లో వచ్చిన ఆ చట్టం పేరు చూసి చాలామంది ఇలాంటి కేసులకి అదే మందు అనుకుంటారు. మూడో సెక్షన్లోనే ఉంది సమాధానం. ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరానికి డేటాని వాడుకుంటే ఆ చట్టం వర్తించదు. కంపెనీలకి 250 కోట్ల దాకా జరిమానా వేయగల చట్టం, వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. భర్త చేసింది "ఇంటి అవసరమా" అని వాదించవచ్చు, నాకు సరదాగానే ఉండేది, కానీ క్లయింటు డబ్బుతో నేను సరదా తీర్చుకోకూడదు కదా.

జూలై 14

ఫ్యామిలీ కోర్టులో పెన్‌డ్రైవ్‌ని మార్క్ చేయవద్దని, అంటే సాక్ష్యంగా నమోదు చేయవద్దని, మేము అభ్యంతరం వేశాం. నా చేతిలో ప్రధాన ఆయుధం మన ఉమ్మడి హైకోర్టు తీర్పే, తీర్పుల సంపుటిలో ఏఐఆర్ 2008 ఏపీ 98. భార్య ఇతరులతో మాట్లాడిన మాటల్ని ఆమెకి తెలియకుండా భర్త రికార్డు చేయడం చట్టవిరుద్ధం, ఆమె గోప్యతా హక్కుకి భంగం అని అందులో అన్నారు. గొంతు పరీక్షకి పంపమన్న కింది కోర్టు ఉత్తర్వునీ కొట్టేశారు. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది జడ్జీలు 2017 ఆగస్టు 24న చెప్పడానికి దాదాపు పదేళ్ల ముందు మాట అది.

జూలై మొదటి వారంలో నా వాదన సగం అయింది. వాయిదా పడింది. 14న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విడాకుల కేసులో భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణల్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. పంజాబ్-హర్యానా హైకోర్టు కాదన్నదాన్ని తిరగరాసింది. ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకునేదాకా వచ్చిందంటే ఆ బంధం అప్పటికే తెగినట్టేనన్న భావమూ అందులో ఉంది. ఆ సాయంత్రమే శైలజకి ఎవరో వాట్సాప్‌లో వార్త పంపారు. "మేడం, ఇంక మన కేసు పోయినట్టేనా?" టెన్షన్‌తో గొంతు వణుకుతోంది.

పోలేదు, కానీ మా దారి ఇరుకైంది. రాత్రి కూర్చుని తీర్పు మొత్తం చదివాను. ఆ కేసులో రికార్డు చేసినాయన ఆ సంభాషణలో తనూ ఒక మనిషి. తను విన్న మాటే కోర్టుకి చెప్తున్నాడు. ప్రశ్న కూడా భార్యాభర్తల మధ్య మాటలకి సాక్ష్య చట్టం ఇచ్చే రక్షణ గురించి. మా పెన్‌డ్రైవ్‌లో భర్త గొంతు ఒక్కచోటా లేదు. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుంటుంటే గోడ అవతల నిలబడ్డ మనిషి అతను. అక్క ఈ కేసులో పార్టీ కాదు, ఆమె గోప్యత ఎవరు తీసుకెళ్లి కోర్టులో పెట్టారు? ఈ తేడా మీదే మిగతా సగం వాదించాను.

అవతలివైపు బలమైన మాటలే ఉన్నాయి. ఎలా సంపాదించారన్నది వేరు, సంబంధం ఉన్న సాక్ష్యం అయితే తీసుకోవచ్చు అని 1973 నుంచీ సుప్రీంకోర్టు మాట. ఫ్యామిలీ కోర్టుల చట్టం 14వ సెక్షన్ ఆ కోర్టులకి ఇంకా వెసులుబాటు ఇచ్చింది, మామూలుగా చెల్లని సాక్ష్యాన్నీ వివాదం తేల్చడానికి పనికొస్తే చూడవచ్చు. చివరికి కోర్టు పెన్‌డ్రైవ్‌ని అభ్యంతరానికి లోబడి మార్క్ చేసి, చెల్లుతుందో లేదో తుది వాదనల్లో చూస్తామంది. అంటే గెలవలేదు, ఓడలేదు. నా అంచనా అడిగితే, అక్కతో మాటల్ని పక్కన పెట్టేవాళ్ళేమో, స్క్రీన్‌షాట్లలో కొన్ని నిలబడేవి. ఆ మాటల్లో క్రూరత్వం అనదగ్గది ఏమీ లేదు, అది వేరే సంగతి. అత్తగారి మీద విసుక్కోని కోడలు ఈ రెండు జిల్లాల్లో ఉంటే చూపించండి.

రాజీ, దాని తర్వాతి చిక్కు

తీర్పు దాకా పోలేదు. చార్జిషీటు పడ్డాక భర్త ఉద్యోగం గురించి భయపడ్డాడు. శైలజకి కూడా ఆ 14 రికార్డింగులు కోర్టు హాల్లో వినిపిస్తారేమో అన్న బెంగ. మధ్యవర్తిత్వంలో పరస్పర అంగీకార విడాకులకి ఒప్పుకున్నారు. డబ్బు లెక్క అరగంటలో తెగింది.

క్రిమినల్ కేసు దగ్గర కొత్త చిక్కు. మూడేళ్లకి మించని శిక్ష ఉన్న ఐటీ నేరాల్ని కోర్టులోనే రాజీ చేసుకోవచ్చని ఐటీ చట్టం 77-ఎ అంటుంది. అందరూ అక్కడిదాకా చదివి ఆపేస్తారు. కింద మినహాయింపు ఉంది. బాధితురాలు ఆడమనిషి అయినా, 18 ఏళ్ల లోపు పిల్లలైనా రాజీ కుదరదు. రాజీ మెమో రాసుకున్నాక అది గుర్తుచేస్తే ఎదుటి సీనియర్ గారు కళ్ళద్దాలు తీసి, పుస్తకం రెండుసార్లు చదివారు. చివరికి బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద అమరావతి వెళ్లి, హైకోర్టులో కేసు కొట్టేయించుకోవాల్సి వచ్చింది. శైలజ కూడా వెళ్లి, తన ఇష్టంతోనే అని చెప్పింది.

43వ సెక్షన్ పరిహారం కోసం రాష్ట్ర ఐటీ కార్యదర్శి ముందు వేయాలని రాసిపెట్టుకున్న దరఖాస్తు నా బీరువాలోనే ఉండిపోయింది. దాన్ని వేసి ఉంటే నిజాయితీలేమి రుజువు చేసే బాధ లేకుండా కొన్ని ప్రశ్నలు తేలేవి. ఇంకొకరి కేసులో వేస్తాను.

అరగంటలో డబ్బు తెగినవాళ్ళు, ఒక మధ్యాహ్నమంతా ఫోన్ దగ్గర ఆగిపోయారు. అది స్టేషన్ ప్రాపర్టీ రూములో ఉంది. అంతకుముందే వాపసు కోసం మేజిస్ట్రేటు ముందు రెండు పిటిషన్లు పడ్డాయి. ఒకటి అతనిది, బిల్లు జతచేసి. ఒకటి ఆమెది, సంక్రాంతి ఫొటో జతచేసి. మధ్యవర్తి గారు విసిగి, "కొత్తది కొనుక్కోరాదా అమ్మా, పాత ఫోనుకి ఇంత పట్టుదలా?" అన్నారు. శైలజ నా వైపు తిరిగి మెల్లగా అంది: "మా నాన్న ఫొటోలు అందులోనే ఉండాయి మేడం. ఆయన ఆఖర్లో పంపిన వాయిస్ మెసేజీలు కూడా." ఆ మాట అతనికీ వినిపించింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెమోలో ఏడో అంశం కింద, ఫోన్ ఆమెకి ఇవ్వడానికి అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాడు.

ఫోన్ తీసుకునేసరికి బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయి ఉంది. గాంధీ రోడ్డు వైపు ఒక షాపులో ఇచ్చాం. కుర్రాడు కొత్త బ్యాటరీ వేసి, స్విచాన్ చేసి, అలవాటుగా అడిగాడు: "ప్యాటర్న్ చెప్పండక్కా, చెక్ చేసి పెడతా."

"ఇటివ్వు, నేనే గీస్తా" అంది. ఫొటోలు, వాయిస్ మెసేజీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేదాకా, గంటకి పైనే, కౌంటర్ దగ్గరినుంచి కదల్లేదు. ఆ రాత్రి ఇంట్లో తమ్ముడి చేత రీసెట్ కొట్టించింది.